ఐదో చెరువు

తెల్లవారుజాము మూడున్నర.
ఆకివీడు దాటి ఉప్పుటేరు వైపు తిరిగే గట్టు మీద
బల్బు ఒక్కటే మేలుకుని ఉంటుంది.
అప్పులవాడు తలుపు చరిచినట్టు
ఏరేటర్లు నీళ్లని చరుస్తుంటాయి.

చినసత్యం గారు లుంగీ ఎగ్గట్టి దిగుతారు.
సీసాలో నీళ్లు, మూడు చుక్కల మందు,
రంగు తేలేదాకా కన్నార్పరు.
ఉప్పెంత, అమ్మోనియా ఎంత, గాలెంత
నాలుగు చెరువులకి నాలుగు గడులు,
బౌండు పుస్తకంలో ఆరేళ్ల అంకెలు.
ఒక్క పూట ఖాళీ లేదు.

ఆ మనిషికి తన ఉప్పెంతో తెలీదు.

నేను ఏఎన్నెమ్ని. పేరు సువార్తమ్మ.
భుజాన సంచి, సంచిలో మిషను,
వేలికి గుచ్చే సూదులు,
వేలు ఇవ్వని మనుషుల జాబితా.
జాబితాలో మొదటి పేరు ఆయనదే.
"నాకేటమ్మా, గుండ్రాయిలా ఉన్నాను, ఆయ్"
అంటూ మూడు పంటలు దాటించారు.

ఈసారి పొద్దున్నే గట్టు మీద పట్టుకున్నాను.
కాలికి గుడ్డ చుట్టి ఉంది.
నత్తగుల్ల కోసిందట. ఎప్పుడండీ అంటే
"ఏమో, నెత్తురు చూశాక తెలిసింది."

నేనేం మాట్లాడలేదు.
నెత్తురు చూశాక గాని తెలియని కాళ్లు
ఈ గట్ల మీద చాలా చూశాను.
వాటిలో కొన్ని భీమవరం ఆస్పత్రికి వెళ్లి
మనిషితో పాటు తిరిగి రాలేదు.

పట్టీ చుట్టాను. రబ్బరు బుడ్డ నొక్కాను.
గాలి బిగుసుకుంటుంటే నా చూపు ముల్లు మీద,
ఆయన చూపు మూడో చెరువు మీద.
నూట డెబ్భై ఎనిమిది, నూట నాలుగు.
సుగరు మూడొందల పన్నెండు.

"అయితే ఏటంటారు?"

పాఠం ఉంది నా దగ్గర, రంగుల అట్ట మీద,
గుండె బొమ్మ, మూత్రపిండాల బొమ్మ, మధ్యన బాణాలు.
తియ్యలేదు.
వాళ్లమ్మ సంగతి అడిగాను.
పొయ్యి ముందు నోరు వంకరపోయిన రోజు చెప్పారు.
అన్న సంగతి అడిగాను.
నలభై ఆరుకి, మేత బస్తా భుజాన ఉండగానే.
చుట్టలో? "చలికి రెండు."
వేసవిలో? "నిద్ర రాకుండా నాలుగు."
కూర?
పెరుగన్నంలోకి ఉప్పుచేప. అది లేని రోజు ఆవకాయ.
అది ఉన్న రోజూ ఆవకాయ.
నిద్ర? నవ్వారు.
బ్యాంకు? నవ్వలేదు.

"అమ్మోనియా పెరిగితే ఏమవుద్దండి?" అన్నాను.
గొంతు మారిపోయింది, బల్ల ముందు మేష్టారిలా.
"అదొక్కటే పెరగదమ్మా.
మేత మిగిలితే అడుగు కుళ్లుద్ది,
అడుగు కుళ్లితే గాలి పడిపోద్ది,
గాలి పడితే రొయ్య డీలా పడుద్ది,
డీలా పడ్డ రొయ్యకి ఏ తెగులైనా చుట్టమే.
తెల్లమచ్చతో పోయిందంటారు గాని,
చావు రెణ్ణెల్ల ముందే చెరువులోకి దిగుద్ది.
పైకి నీళ్లు అద్దంలా..."

ఆగిపోయారు.
పట్టీ ఇంకా చేతికే ఉంది.
కొంగ ఒకటి ఈ గట్టు నుంచి ఆ గట్టుకి మారింది.
రెండో చెరువులో ఏరేటరు దగ్గి ఆగిపోతే
ఆయన లేవలేదు.

(నాది నేను చూసుకుని ఏడాది దాటింది.
ఆ మాట ఆయనకి చెప్పలేదు.)

మాత్రలిచ్చాను. గుండె పరీక్షకి బుధవారం రమ్మన్నాను.
"మేత లారీ వచ్చే రోజండి."
అయితే గురువారం.
"చూద్దాం" అన్నారు.
మా మండలంలో ఆ మాటకి రానని అర్థం.

మూడు వారాలకి మళ్లీ వెళ్తే మనిషి లేరు.
కాపలా కుర్రాడు మేత జల్లుతూ
"ఆకివీడు ఎళ్లారండి, ఇయ్యాళ గురువారం కదా" అన్నాడు.

షెడ్డులో మంచం మీద పుస్తకం తెరిచి ఉంది.
నాలుగు గడుల పక్కన
స్కేలు లేకుండా గీసిన వంకర గీత,
దాని నెత్తిన 'ఐదు'.
ఉప్పు దగ్గర, నూట యాభై ఆరు, తొంభై నాలుగు.
గాలి దగ్గర, మెట్లెక్కితే ఆయాసం.
అమ్మోనియా దగ్గర, చుట్ట ఒకటి.
మేత దగ్గర మాత్రం
రాసి, కొట్టేసి, మళ్లీ రాసి,
మళ్లీ కొట్టేసిన ఒకే మాట:
ఉప్పుచేప.